పాలు, మైదా, తెల్లన్నం ఒకేసారి మానేయొచ్చా? బెంగళూరులో ఉన్నవాళ్ళు చెప్పండి

ప్రొద్దుటూరు_అబ్బాయి:
అందరికీ నమస్తే. నాకు 36, మారతహళ్లిలో ఉంటా. పోయిన నెల ఆఫీసు హెల్త్ చెకప్‌లో హెచ్‌బిఏ1సి (రక్తంలో షుగర్ సగటు చూపే టెస్ట్) 5.9 వచ్చింది, 5.7 నుంచే ప్రీడయాబెటిస్ (షుగర్ వ్యాధికి ముందు దశ) లెక్కంట, మా నాయనకి షుగర్ ఉంది కాబట్టి నిజంగా భయమేస్తోంది. దానికి తోడు పొద్దున కాఫీ తాగిన గంటకల్లా కడుపు ఉబ్బిపోయి బెల్ట్ వదులు చేసుకోవాల్సి వస్తోంది. దర్శినిలో (ఇక్కడి చిన్న టిఫిన్ హోటల్) సెట్ దోస, 11కి ఇంకో కాఫీ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం టీతో బేకరీలో ఖారా బన్ను, రాత్రి పెరుగన్నం, ఇదీ నా రోజు. అన్నీ ఒకేసారి మానేద్దామనుకుంటున్నా కానీ పెరుగు లేకపోతే నాకు అన్నం తిన్నట్టే ఉండదు.

ఫిల్టర్‌కాఫీ_ఫ్యాన్:
ఒకేసారి మానకండి అండీ, ఏది పడట్లేదో ఎప్పటికీ తెలీదు. మీవి రెండు వేరే వేరే సమస్యలు. పాలల్లో ఉండే లాక్టోజ్ అరగాలంటే లాక్టేజ్ అనే ఎంజైమ్ కావాలి, మనలో చాలామందికి పెద్దయ్యేకొద్దీ అది తగ్గిపోతుంది, ఉబ్బరం దానివల్ల కావచ్చు. పెరుగు తోడుకునేటప్పుడు ఆ లాక్టోజ్‌లో కొంత బ్యాక్టీరియానే తినేస్తుంది, అందుకే పాలు పడనివాళ్ళలో చాలామందికి మజ్జిగ పడుతుంది. నేను 2 వారాలు కాఫీ, టీ మాత్రం ఆపి పెరుగు ఉంచుకున్నా, నాలుగో రోజుకే తేడా తెలిసింది. 5.9 తగ్గాలంటే మాత్రం బన్ను, అన్నం తగ్గించాల్సిందే.

అనంతపురం_అక్క:
తమ్ముడూ, ముందు బేకరీ మానెయ్. నేను బ్రౌన్ బ్రెడ్ మంచిదని రెండేళ్ళు తెచ్చుకున్నా, ఒకరోజు ప్యాకెట్ తిప్పి చూస్తే మొదటి పేరే మైదా, కింద క్యారమెల్ రంగు. ఏది ఎక్కువ ఉంటే దాన్నే ముందు రాస్తారు, కాబట్టి ఆ మొదటి పేరు చూసే కొను. రాగి సంగటి మంచిదే, కానీ రాగులే కదా అని రెండు ముద్దలు తింటే అదీ పిండే, షుగర్ పెంచుతుంది. మా ఇంట్లో మనిషికి ఒక్క ముద్ద, పక్కన గిన్నెడు ఆకుకూర పప్పు. చలికాలంలో ఇక్కడ అనపకాయలు (చిక్కుడు జాతివి, సొరకాయ కాదు) కుప్పలుగా వస్తాయి చూడు, ఆ గింజల తొక్క పితికి తీసి పితికిపప్పు చేసుకుంటే అన్నం దానంతటదే సగానికి తగ్గుతుంది.

జయనగర్_శాకాహారి:
గుడ్డు, మాంసం తిననివాళ్ళు పాలు మానేముందు విటమిన్ బి12 సంగతి చూసుకోండి, దయచేసి. నేను పాలు, పెరుగు రెండూ పూర్తిగా వదిలేశా, ఏడాదిన్నరకి అరికాళ్ళలో సూదులు గుచ్చినట్టు మొదలైంది, మెట్లెక్కితే ఆయాసం. టెస్ట్ చేస్తే బి12 బాగా పడిపోయింది, ఇంజెక్షన్లు వేయించుకున్నా. కాల్షియం అయితే 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది, నువ్వులు కూడా ఉన్నాయి, కానీ బి12 వీటిల్లో ఉండదు.

ప్రొద్దుటూరు_అబ్బాయి:
అందరికీ చాలా థ్యాంక్స్. నేను గుడ్లు తింటా, అయినా బి12 కూడా చూపించుకుంటా. రేపట్నుంచి కాఫీ, టీ, బన్ను బంద్, పెరుగు ఉంటుంది. హెచ్‌బిఏ1సి చూపించేది రెండు మూడు నెలల సగటు కాబట్టి 3 నెలలాగి మళ్ళీ చేయించి ఇక్కడే పెడతా. అక్కా, మారతహళ్లి దగ్గర్లో రాగులు ఆడించే మిల్లు ఎక్కడైనా ఉందా?