ఫుట్‌బాల్ లిల్లీ ఆకులు: పండాయా, కుళ్లాయా?

మల్కాజిగిరి మిద్దెతోట: ఆరు కుండీల్లో ఫుట్‌బాల్ లిల్లీ ఉంది. మేలో ఎర్రటి బంతుల్లా పూసింది. ఇప్పుడు నవంబరు, ఆకులన్నీ పసుపెక్కాయి. రెండు కుండీల్లో మాత్రం మొదలు మెత్తబడి వాసనొస్తోంది. నర్సరీ అతను నీళ్లు చాలట్లేదన్నాడు, పక్కింటావిడ ఆకులన్నీ కోసెయ్యమంటోంది. ఎవరి మాట వినాలండీ?

నేరేడ్‌మెట్ అక్క: ఇద్దరి మాటా వద్దు. చలికాలం వస్తే అది నిద్రకు పోతుంది, నా దగ్గర ఏటా ఇదే వరస. నీళ్లు ఆపెయ్యండి, ఎండాకాలంలో అదే లేస్తుంది.

ఉప్పల్ మొక్కలోడు: అక్కా, వాసనొస్తోందని రాశారు, చూశారా? ఆకు పండటం వేరు, కుళ్లటం వేరు. పండే ఆకు కొస నుంచి కిందికి ఎండుతుంది, చేత్తో నలిపితే కాగితంలా ఉంటుంది. కుళ్లేది ఆకు అడుగున మొదలై జిగురుగా ఉంటుంది, పట్టుకుంటే ఊడి చేతికొస్తుంది. ఆ రెండు గడ్డలూ తవ్వి నొక్కి చూడాలి. ఉల్లిగడ్డలా గట్టిగా ఉంటే బతికినట్టే.

నేరేడ్‌మెట్ అక్క: నిద్రలో ఉన్న గడ్డని తవ్వి కెలుకుతారా! సాఫ్ మందు లీటరు నీళ్లకు 2 గ్రాములు కలిపి పోస్తే పోయేదానికి ఇదంతా ఎందుకు?

ఉప్పల్ మొక్కలోడు: అది బూజు మందు. కంపు కొట్టే మెత్తటి కుళ్లు చాలాసార్లు బాక్టీరియాది, దానికి సాఫ్ పనిచెయ్యదు. పైగా మళ్లీ నీళ్లేగా పోసేది? మన్ను దగ్గర తెల్లటి దారాలు, ఆవగింజల్లాంటి గోధుమరంగు ఉండలు కనిపిస్తే మాత్రం బూజే, అప్పుడు మాట్లాడదాం.

మల్కాజిగిరి మిద్దెతోట: తవ్వేశాను. ఒకటి సగం గుజ్జు. రెండోది అడుగున వేలెడంత మచ్చ, మిగతాది గట్టిగానే ఉంది. ఆ రెండు కుండీలకే కింద పళ్లేలు పెట్టాను, బాల్కనీ మరకలు పడుతుందని. నీళ్లు నిలిచే ఉన్నాయి.

ఉప్పల్ మొక్కలోడు: దొంగ దొరికాడు. గుజ్జుది పారెయ్యండి, కంపోస్టులో కూడా వద్దు. రెండోదానికి మచ్చ మొత్తం కోసి, తెల్లటి కండ కనపడ్డాక దాల్చినచెక్క పొడి అద్ది, నీడలో నాలుగైదు రోజులు ఆరబెట్టండి. పాత మట్టి వాడొద్దు.

నేరేడ్‌మెట్ అక్క: ఆ రెండింటికి సరే, ఒప్పుకుంటున్నా. మిగతా నాలుగింటినీ తవ్వొద్దు బాబూ. ఆకు పూర్తిగా ఎండేదాకా కొయ్యకండి కూడా, అందులో ఉన్న సత్తువ గడ్డలోకి దిగాలి. పక్కింటావిడకి నా మాటగా చెప్పండి.