జడ్జ్ డ్రెడ్ సంకలనాలు: రెండో సంపుటం విషయంలో సలహా కావాలి

బ్రిటన్‌లో 1977లో మొదలైన '2000 ఏడీ' కామిక్స్ వారపత్రిక రెండో సంచికలో అడుగుపెట్టి, నేటికీ కొనసాగుతున్న జడ్జ్ డ్రెడ్ (భవిష్యత్తు నగరంలో నేరస్థులను పట్టి, అక్కడికక్కడే శిక్ష వేసే న్యాయాధికారి) కథలను, వాటిని వరుసగా పునర్ముద్రించే 'కంప్లీట్ కేస్ ఫైల్స్' సంపుటాలలో మొదటి నుంచి చదవాలని సంకల్పించాను. డ్రెడ్ వయసు మనతో పాటే ఏటా ఒక్కో ఏడాది పెరుగుతుంది కనుక, ఈ కథలను వరుస తప్పి చదవడం నాకు సమ్మతం కాదు.

చిక్కంతా రెండో సంపుటంతోనే వచ్చింది. అందులోని 'ది కర్స్‌డ్ ఎర్త్' దీర్ఘకథలో, హాంబర్గర్ దుకాణాలనూ వాణిజ్య చిహ్నాలనూ ఎగతాళి చేసిన కొన్ని అధ్యాయాలు న్యాయపరమైన ఇబ్బందుల వల్ల చాలాకాలం పునర్ముద్రణకు నోచుకోలేదు. పేరడీకి వెసులుబాటు కల్పిస్తూ 2014లో బ్రిటిష్ చట్టం మారాక, 2016లో ఆ కథ మొత్తంతో పాటు అవి 'అన్‌సెన్సార్డ్' అనే ప్రత్యేక సంపుటంలో వెలువడ్డాయి. అయితే ఆ ఒక్కటే కొంటే, రెండో సంపుటంలో ఉన్న మరో దీర్ఘకథ 'ది డే ద లా డైడ్' దొరకదు. రెండూ కొంటే ఒకే కథకు రెండుసార్లు డబ్బు పెట్టినట్లవుతుంది. (విదేశీ పుస్తకాల ధరలు తెలిసినవారికి నా వెనుకంజ అర్థమవుతుంది.)

రెండో సంపుటం తర్వాతి ముద్రణలలో ఆ అధ్యాయాలను చేర్చారా? చేర్చకపోతే, వాటి కోసమే ప్రత్యేక సంపుటం కొనడం సబబేనా? పత్రికలో రంగుల్లో వచ్చిన నడిమి పుటలు తొలి సంపుటాలలో నలుపు తెలుపుల్లోనే ఉన్నాయి. వాటిలో గీతలు స్పష్టంగా కనిపిస్తాయా? రెండింటినీ స్వయంగా చూసినవారు తెలియజేయగలరు.