కలగాపులగంలో పులగం

‘కలగాపులగం’ అన్న మాటలో ఈ పులగం ఏమిటని నిన్న ఒకరు అడిగారు. ఆ ప్రశ్న కింద కామెంట్లలో నలుగురైదుగురు “పులగం అంటే కిచిడీ, అంతే” అని తేల్చేశారు. ఆ ‘అంతే’ నాకు మింగుడు పడలేదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

మాది కర్నూలు వైపు. మా ఇంట్లో పులగం అంటే బియ్యం, పొట్టు తీయని పెసరపప్పు, ఉప్పు, నీళ్లు. పసుపు కూడా పడదు. అమ్మ ముందు పప్పును కమ్మటి వాసన వచ్చేదాకా దోరగా వేయించేది. ఆ తర్వాత బియ్యంతో కలిపి కడిగి, మరిగే ఎసట్లో పోసేది. దింపి మూత తీస్తే తెల్లటి మెతుకుల మధ్య పచ్చటి పొట్టు కనబడాలి. మెతుకు మెతుకుగా, పప్పు పప్పుగా ఉండాలి. ముద్దయిపోయిందంటే ఆ పూట పులగం చెడిందనే అమ్మ లెక్క. పక్కన చెనిక్కాయల (వేరుశెనగల) ఊర్బిండి తప్పనిసరి. వేయించిన చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు, వెల్లుల్లి రోట్లో వేసి కచ్చాపచ్చాగా నూరితే అదే ఊర్బిండి. పైన ఇంత నెయ్యి.

హైదరాబాదులో పొద్దున్నే తినే కిచిడీ వేరు. అందులో మసూర్ పప్పు, పసుపు, మసాలా దినుసులు పడతాయి. పక్కన ఖీమా, నువ్వులూ చింతపండూ కలిపిన ఖట్టా ఉంటాయి. ఆ వంటకు ఆ పేరే అందం, దాన్ని పులగం అనమని నేను అడగను. గుళ్లో పెట్టే కట్టెపొంగలి మరొకటి. మిరియాలు, జీలకర్ర, నెయ్యి పడి మెత్తగా జారుతుంది. పొంగడం దాని పేరులోనే ఉంది.

ఇక మన మాటకొస్తే, ఏది ఏదో తెలియకుండా అన్నీ కలిసిపోతే కలగాపులగం అంటాం. జన్మలో పులగం తినని వాళ్లు కూడా రోజూ అనే మాట ఇది. వంటింట్లోంచి ఇలాగే బయటికొచ్చిన ఇంకో మాట కలగూరగంప. హిందీలో కిచిడీ కూడా ఇదే దారి పట్టింది. సంకీర్ణ ప్రభుత్వాన్ని మన పత్రికలు కూడా కిచిడీ ప్రభుత్వం అన్నాయి. బియ్యమూ పప్పూ ఒకే గిన్నెలో ఉడకడం చూసి రెండు భాషల వాళ్లకూ ఒకే పోలిక తట్టిందంటే నాకు భలే సంతోషంగా ఉంటుంది. (ఒక్క మెతుకు పట్టి చూసి అన్నమంతా ఉడికిందో లేదో చెప్పే స్థాలీపులాక న్యాయం గుర్తుచేసిన మిత్రులకు: అందులో పులాకమంటే అన్నపు మెతుకు. పేర్లు దగ్గరగా ఉన్నాయని అదే మన పులగమని రాసెయ్యకండి, ధ్వని పోలిక ఒక్కటే వ్యుత్పత్తికి చాలదు.)

2017 నవంబరులో ఢిల్లీలో జరిగిన వరల్డ్ ఫుడ్ ఇండియా అనే ఆహార ప్రదర్శనలో 918 కిలోల కిచిడీ వండి గిన్నిస్ రికార్డు సాధించారు. దాన్ని జాతీయ వంటకంగా ప్రకటిస్తారని ముందు ప్రచారం జరిగితే, వండేది రికార్డు కోసమేనని అప్పటి కేంద్ర మంత్రి హర్‌సిమ్రత్ కౌర్ బాదల్ చెప్పాల్సి వచ్చింది. గర్వపడటంలో తప్పేమీ లేదు. పెసలూ బియ్యమూ కలిపి వండి, నెయ్యి వేసుకుని పొద్దున్నే తింటారనీ, దాన్ని ‘కిష్రీ’ అంటారనీ 14వ శతాబ్దంలోనే మొరాకో యాత్రికుడు ఇబన్ బటూటా రాశాడు. అంత పాత వంట మనది.

నా బాధ వేరే. మా పాప బడిలో దేశంలోని వంటల మీద చార్టు చేయమన్నారు. పాప పళ్లెంలో పులగం బొమ్మ గీసి, కింద పేరు రాసింది. టీచరు దాన్ని కొట్టేసి ఎర్ర సిరాతో కిచిడీ అని దిద్దారు. అందరికీ తెలిసిన పేరే రాయాలన్నారట. ఇంటికొచ్చి “నాన్నా, మనం అనేది తప్పా?” అని అడిగింది. కిచిడీ ఎంత ఈ దేశపు మాటో పులగమూ అంతే. ఎవరికీ తెలియదని కొట్టేస్తూ పోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఇద్దరం కూర్చుని కొత్త చార్టు చేశాం. ఈసారి పులగం పక్కనే ఊర్బిండి కూడా రాసింది. అది రాసేటప్పుడు వర్ణక్రమం దగ్గర మా ఇద్దరికీ వాదన వచ్చింది. కడప, అనంతపురం వాళ్లు చెప్పండి: మీ ఇళ్లలో ఊర్బిండి అంటారా, ఊరుబిండి అంటారా? పులగంలోకి మీరు ఇంకేం నంజుకునేవారు?