వాగులోకి రాత్రిపూట రంగునీళ్లు: పీసీబీ "పరిమితుల్లోనే ఉంది" అంటే తర్వాత ఏం చేయాలి?

వాగుగట్టు:
తెలంగాణలో ఒక బల్క్ డ్రగ్ యూనిట్ (మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ) పక్క ఊరు మాది. రాత్రి పదకొండు దాటాక వాగులోకి గోధుమరంగు నీళ్లు వస్తాయి, తెల్లారేసరికి నురగ. ఫిర్యాదు ఇస్తే కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) వాళ్లు పగలు వచ్చి వాగులోంచి ఒక సీసా పట్టుకెళ్లారు. సీఓడీ (నీళ్లలోని కలుషితాల్ని రసాయనంతో విడగొట్టడానికి పట్టే ఆక్సిజన్) 210, బీఓడీ (సూక్ష్మజీవులు వాటిని తినడానికి పట్టే ఆక్సిజన్) 26, "పరిమితుల్లోనే ఉంది" అని జవాబు వచ్చింది. అసలు పీసీబీ అధికారం ఎంతవరకు? రెండో ఫిర్యాదు ఎలా రాయాలి?

సీఎఫ్ఓ చదివినోడు:
ముందు ఆ యూనిట్ సీఎఫ్ఓ (నడపడానికి అనుమతి) కాపీ సంపాదించండి. ఫ్యాక్టరీ కట్టే ముందు సీఎఫ్ఈ (కట్టడానికి అనుమతి), నడిపే ముందు సీఎఫ్ఓ, రెండూ పీసీబీయే ఇస్తుంది, 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం కింద. రోజుకి ఎన్ని కిలోలీటర్ల వ్యర్థజలం పుట్టొచ్చు, దాన్ని ఎక్కడికి పంపాలి అన్నవి అందులో షరతులుగా ఉంటాయి. బల్క్ డ్రగ్ రెడ్ కేటగిరీ (కాలుష్యం ఎక్కువ చేసే పరిశ్రమల వర్గం) కాబట్టి జీరో లిక్విడ్ డిశ్చార్జి (వ్యర్థజలం బయటికి వదలకూడదన్న) షరతు ఉండే అవకాశం ఎక్కువ. అది ఉంటే సీఓడీ 210 అయినా 21 అయినా ఒకటే, గోడ దాటి చుక్క రాకూడదు.

ఇంకో సంగతి. లీటరుకి సీఓడీ 250, బీఓడీ 30 మిల్లీగ్రాములు అనేది వాగులోకి వదలడానికి అనుమతి ఉన్న వాళ్లకి, అదీ గొట్టం మూతి దగ్గర కొలిచే లెక్క. వాగు నీళ్లని ఆ లెక్కతో పోల్చడమే తప్పు. పారే వాగులో సీఓడీ 210 ఉందంటే పరిస్థితి బాగాలేదనే అర్థం.

నీటి చట్టం సెక్షన్ 25(6) ప్రకారం షరతుల రిజిస్టర్‌ని ప్రభావితులెవరైనా చూడొచ్చు. ప్రాంతీయ కార్యాలయంలో చూపించకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

బ్యూరెట్:
శాంపిల్ సంగతి నేను చెప్తాను. వాగు మధ్యలో పట్టిన ఒక్క సీసా ఎవరినీ పట్టివ్వదు. మూడు చోట్ల తీయాలి: యూనిట్‌కి ఎగువన, గొట్టం దగ్గర, నీళ్లు బాగా కలిశాక దిగువన. కోర్టులో నిలబడాలంటే సెక్షన్ 21 పద్ధతి పాటించాలి. యాజమాన్యానికి అక్కడికక్కడే నోటీసు, వాళ్ల ఎదుటే శాంపిల్ రెండు భాగాలు, సీలు, ఇద్దరి సంతకాలు. ఇందులో ఒక్కటి తప్పినా వాళ్ల లాయరు మొదట పట్టుకునేది దాన్నే.

సీఓడీ సీసాలో సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి పీహెచ్ 2 కంటే దించాలి. బీఓడీ సీసాలో ఆమ్లం వేయకూడదు, ఐసు పెట్టెలో 4 డిగ్రీల దగ్గర ఉంచి త్వరగా ల్యాబ్‌కి చేర్చాలి. ఎండలో జీపు వెనక సీటు మీద పెట్టుకొస్తే సూక్ష్మజీవులు దారిలోనే సగం తినేస్తాయి, బీఓడీ తక్కువ చూపిస్తుంది. నూనె, గ్రీజుకి గాజు సీసాయే వాడాలి, ప్లాస్టిక్ అయితే గోడకి అంటుకుపోతుంది.

మీరు తీసిన శాంపిల్ సెక్షన్ 21 కిందికి రాదు, కానీ టైము పట్టివ్వడానికి పనికొస్తుంది. చేతి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) మీటరుతో గంటకోసారి ఎగువ, దిగువ రీడింగులు రాయండి. దిగువ రీడింగ్ ఒక్కసారిగా ఎగబాకిన గంటల్ని ఫిర్యాదులో పట్టికగా పెట్టి, అదే సమయంలో తనిఖీకి రమ్మని అడగండి. ఈలోగా ఊరి డ్రైనేజీ వాగులో ఎక్కడ కలుస్తుందో కూడా చూసుకోండి. మురుగునీళ్లు కూడా నురగ కక్కుతాయి, అప్పుడు వాళ్లు పంచాయతీ వైపు వేలు చూపిస్తారు.

వాగుగట్టు:
సీఎఫ్ఓ దొరికింది, థాంక్స్ అండీ. జీరో డిశ్చార్జే. ఆర్ఓ రిజెక్టు (వడపోతలో మిగిలే ఉప్పునీళ్లు) రోజుకి 20 కిలోలీటర్లు ఎంఈఈకి (ఆవిరితో నీళ్లు మరిగించి ఉప్పు మిగిల్చే యంత్రానికి) వెళ్లాలని ఉంది. రాత్రి తనిఖీకి సిబ్బంది లేరంటున్నారు.

సీఎఫ్ఓ చదివినోడు:
అయితే ఉప్పు లెక్క అడగండి, దానికి రాత్రి ఎవరూ రానక్కర్లేదు. రిజెక్టు టీడీఎస్ లీటరుకి 30,000 మిల్లీగ్రాములు అనుకుంటే 20 కిలోలీటర్లలో రోజుకి 600 కిలోల ఉప్పు. నెలకి 25 రోజులు నడిస్తే 15 టన్నులు. ఆ ఉప్పు ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి మేనిఫెస్టుతోనే (రవాణా పత్రంతోనే) పోవాలి. ఆ కాపీల్లో రెండు మూడు టన్నులే కనిపిస్తే మిగతాది ఎటు పోయిందో చెప్పాల్సింది వాళ్లే. అసలు టీడీఎస్ అంకె వాళ్ల లాగ్‌బుక్‌లోనే ఉంటుంది, నా 30,000 ఉదాహరణకే.

ఎంఈఈ గొట్టాల్లో పొలుసు కడితే కడగడానికి ఆపాలి, ఆవిరి ఖర్చూ ఎక్కువే. ఆపినన్నాళ్లు రిజెక్టు ట్యాంకు నిండుతూనే ఉంటుంది. రాత్రి గొట్టం తెరుచుకునేది ఎక్కువగా అప్పుడే. కాబట్టి ఆవిరి లాగ్, ఎంఈఈ కరెంటు మీటరు, ఫ్లోమీటరు డేటా, ఈ మూడూ ఒకే తేదీలవి అడగండి. విడివిడిగా అన్నీ బాగానే కనిపిస్తాయి.

నల్లకోటు:
అధికారం సంగతి. సెక్షన్ 33ఏ కింద మూసివేత ఆదేశం, కరెంటు, నీళ్లు ఆపించడం పీసీబీ చేతిలో ఉన్నాయి. మామూలుగా ముందు నోటీసిచ్చి కనీసం 15 రోజులు గడువిస్తారు. పర్యావరణ నష్టానికి పరిహారం కూడా ఇదే సెక్షన్ కింద వేయొచ్చని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది, అయితే అందుకు నియమాలు చేసుకున్నాకే.

పీసీబీ కదలకపోతే చెన్నైలోని ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) దక్షిణ బెంచ్‌కి వెళ్లాలి. సమస్య మొదట తలెత్తిన రోజు నుంచి ఆరు నెలల్లోపు వేయాలి, సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు. పంట, బోరు నష్టపరిహారానికైతే ఐదేళ్లు. చాలా కేసులు ఈ ఆరు నెలల దగ్గరే పోతాయి, పీసీబీకి ఉత్తరాలు రాస్తూ కూర్చుంటే గడువు ఆగదు. రంగునీళ్లు మొదట కనిపించిన తేదీ చూసి ఇవాళే లెక్కేసుకోండి.