అప్‌డేట్: క్యాంప్‌సైట్‌లో కరెంటు ట్రిప్ అవడం, కారణం దొరికింది

ఫ్రాన్స్‌లో అనెసీ సరస్సు దగ్గర టెంట్లు వేశాక, ఇండక్షన్ స్టవ్ పెట్టగానే కరెంటు పోతోందని అడిగాను కదా, తేలిపోయింది. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. "ఆంపియర్లు చూడండి" అన్నవారిదే కరెక్ట్. మా చోటుకి ఇచ్చింది 6 ఆంపియర్లేనని అక్కడి ఎలక్ట్రీషియన్ చెప్పాడు. అంటే 230 వోల్టుల మీద 1380 వాట్లు. మా స్టవ్ 2000! 700 వాట్ల రైస్ కుక్కర్ హాయిగా నడిచింది, కెటిల్ తోడైతే మాత్రం ఢాం.

వోల్టేజ్ కన్వర్టర్ అక్కర్లేదు, ఇండియాలోనూ 230యే. క్యాంప్‌సైట్ సాకెట్‌కి సరిపోయే, నీలం రంగు మూడు పిన్నుల సీఈఈ అడాప్టర్ మాత్రం కావాల్సిందే. కొందరు కేబుల్ చుట్ట పూర్తిగా విప్పమన్నారు. వేడెక్కకుండా అది మంచిదే, మా సమస్యకి సంబంధం లేదు.

తర్వాత షామోనీ అనే ఊళ్లో బుకింగ్ అప్పుడే 10 ఆంపియర్ల చోటు అడిగాం. మాంట్ బ్లాంక్ చూస్తూ గ్యాంగ్ మొత్తానికీ దోసెలు పోశాం.