సమస్యాపూరణం: చార్జి సున్న కాగ సంబరమ్ము!

ఛందం మాస్టారు:
ఈ వారం సమస్య ఈ-సైకిళ్ళ మీద. మన గుంపులో చాలామంది పెడల్స్ ఉన్న 250 వాట్ల బండ్లు కొన్నారు కదా, రోజూ అదే రోడ్డు అదే ఆఫీసు అని బోర్ కొట్టి ఎవరికి వాళ్ళు చిన్న చిన్న పందేలు పెట్టుకుంటున్నారని విన్నాను, ఒకరు మోటార్ ఆపేసి ఫ్లైఓవర్ ఎక్కుతారట, ఇంకొకరు మ్యాపు మీద బొమ్మ గీస్తారట. ఆ పందేలు పద్యాల్లోకి రావాలి. ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలు మీరు రాసి పద్యం నింపాలి, అదే పూరణ:

చార్జి సున్న కాగ సంబరమ్ము!

చార్జి, సున్న, కాగ, సంబ, రమ్ము, ఐదూ హ గణాలే (గురువు, లఘువు). యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కుదరడం, ఇక్కడ చా, సం. "చార్జ్" అని పొల్లుతో రాస్తే లఘువు పోతుంది, గణం చెడుతుంది, కాబట్టి చార్జి అనే రాయండి. చార్జి అంటే ఇక్కడ బ్యాటరీదే, బస్సు చార్జీ, రిపేరు చార్జీ అని పక్కకి పోవద్దు. సున్న అయితే దిగులు పడాలి గానీ సంబరం ఏంటి? దానికి కారణం పద్యంలోనే కనపడాలి.

బీచ్‌రోడ్ కుర్రాడు:
మాస్టారూ నాది వైజాగ్ పూరణ. బ్యాటరీ 36 వోల్టులు 10 ఆంపియర్‌అవర్లు, అంటే నిండుగా ఉంటే 360 వాట్‌అవర్ల శక్తి. ఇంటి గేటు ముందుకి వచ్చేసరికి సరిగ్గా అయిపోవాలి, ముందు అయిపోతే ఓడినట్టు, మిగిలినా ఓడినట్టే. ఇదీ నా పందెం.

భీమిలికిని పోయి బీచు రోడ్డునఁ దిరి
గి యిలు చేరు వేళ గీతలుడిగె
లెక్క తప్పలేదు లేశమైనను నేడు
చార్జి సున్న కాగ సంబరమ్ము!

ఛందం మాస్టారు:
బాగుంది నాయనా. "తిరిగి" అనే మాట మొదటి పాదం చివర విరిగి రెండో పాదంలోకి దొర్లడం రోడ్డు మలుపులాగే ఉంది. "భీమిలికిని" లో "ని" గణం కోసం వచ్చిందే, పెద్ద తప్పు కాదు. డిస్‌ప్లే మీద గీతలు, లెక్క, రెండూ పక్కపక్కన పడ్డాయి, అందుకే సంబరానికి కారణం అడగక్కర్లేకుండా తెలుస్తోంది.

వాట్ల వరలక్ష్మి:
తమ్ముడూ పద్యం సరే, అసలు లెక్క ఎలా వేశావో చెప్పు. కిలోమీటరుకి 10 వాట్‌అవర్లు పడితే 360 కి 36 కిలోమీటర్లే వస్తుంది, భీమిలి వెళ్ళి రావాలంటే అంతకంటే బాగా తక్కువలో లాగాలి.

బీచ్‌రోడ్ కుర్రాడు:
అవునక్కా, అందుకే అసిస్ట్ (మోటార్ సాయం) ఒకటిలోనే పెట్టి మిగతాదంతా కాళ్ళతో లాగుతాను. గాలి కూడా చూసుకోవాలి, నైరుతి గాలి రోజుల్లో భీమిలి వైపు పోయేటప్పుడు వెనకనుంచి తోస్తుంది, హాయిగా ఉంటుంది, తిరిగొచ్చేటప్పుడు అదే గాలి ఎదురొచ్చి తినేస్తుంది, కాబట్టి భీమిలిలో వెనక్కి తిరిగేసరికి సగం కంటే ఎక్కువే మిగిలి ఉండేలా చూసుకుంటాను.

నూజివీడు నవీన్:
మొదటిసారి రాస్తున్నా, తప్పులుంటే చెప్పండి. మా ఊరికి తగ్గట్టు మ్యాపు మీద మామిడి పిందె గీయాలని పందెం, ఫోన్‌లో రూట్ రికార్డ్ ఆన్ చేసి తిరిగిన దారే గీత అవుతుంది.

మ్యాపు మీద నేడు మామిడి పిందెను
గీయబోతి సందులన్ని తిరిగి
తొడిమ గీసినంత తుది గీత పోయెను
చార్జి సున్న కాగ సంబరమ్ము!

ఛందం మాస్టారు:
భావం చాలా ముద్దుగా ఉంది. రెండో పాదంలో మాత్రం యతి తప్పింది, "గీ"కి నాలుగో గణం మొదట కి, గి, కె, గె లాంటిది రావాలి, నువ్వు "ల" వేశావు. ఇలా మారిస్తే?

గీయబోతి సందుఁ గెలికి గెలికి

"కెలికి" అంటే చిన్న సందుల్లో దూరి దూరి తిరగడం కూడా వస్తుంది. మూడో పాదాన్ని ముట్టుకోను. తొడిమ గీత పూర్తవడం, బ్యాటరీ చివరి గీత పోవడం ఒకేసారి జరిగాయి, పద్యానికి ప్రాణం అక్కడే ఉంది.

కొండెక్కే కళ్యాణి:
నాది కైలాసగిరి అండీ. ఎక్కేటప్పుడు మోటార్ తోడు, దిగేటప్పుడు అక్కర్లేదు, శిఖరం దగ్గర సున్న అవ్వాలి.

కొండ యెక్కు వరకె కుదిరెను మోటారు
దిగఁగ నేల యింక దిగులు నాకు
గాలి మోము తాక కైలాసగిరి నుండి
చార్జి సున్న కాగ సంబరమ్ము!

వాట్ల వరలక్ష్మి:
కళ్యాణీ గాలి, కైలాసగిరి యతి ఎంత అందంగా కుదిరిందో! 100 కిలోల బరువుని (మనిషి, బండి కలిపి) 100 మీటర్ల ఎత్తుకి ఎక్కించడానికి మోటార్ నష్టాలు కలపకుండా సుమారు 27 వాట్‌అవర్లు చాలు, 360 లో అది చిన్న భాగమే. అంటే నువ్వు కొండ కిందకి రాకముందే చాలా ఖర్చు పెట్టి ఉండాలి. ఇంకో మాట, దిగేటప్పుడు బ్యాటరీ మళ్ళీ నిండుతుందని కొందరు అనుకుంటారు, గేర్ ఉన్న హబ్ మోటార్‌లో (చక్రం మధ్యలో ఉండే మోటార్) లోపల ఫ్రీవీల్ ఉంటుంది కాబట్టి చక్రం మోటార్‌ని తిప్పదు, ఏమీ నిండదు. ఇంకా, కొన్ని బండ్లలో లైటు కూడా ఆ బ్యాటరీ మీదే వెలుగుతుంది, చీకట్లో ఈ పందెం అస్సలు వద్దమ్మా. బ్రేకులు ముందే చూసుకో.

ఛందం మాస్టారు:
మంచి మాట చెప్పారమ్మా. పద్యంలో నాకు ఒక్కటే లోటు, "కైలాసగిరి నుండి" తర్వాత జారితినో దిగితినో క్రియ లేదు, వినేవాడు ఊహించుకోవాలి. అయినా దిగఁగ, దిగులు పక్కపక్కన పెట్టడం నాకు నచ్చింది.

నార్సింగి నరేష్:
మన హైదరాబాద్ నుంచి గూడ ఒకటి ఉండాలె కదా మాస్టారు. ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన 2023 ల ఓపెన్ చేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్, మీద సోలార్ పలకల కప్పు, ఎండాకాలం గూడ మస్తుగ తొక్కొచ్చు.

ఎండ తగలనీక యిటు కప్పు నీడలో
పందెమాడి తిరుగ బండి యలసె
సూర్యుఁ డుండ పైన చోద్యమే యిది గాదె
చార్జి సున్న కాగ సంబరమ్ము!

ఛందం మాస్టారు:
గణాలు, యతులు అన్నీ సరిగ్గా పడ్డాయి. కానీ నరేష్, పూరణ కాలేదు. పైన సూర్యుడు, మధ్యలో సోలార్ పలక, కింద ఖాళీ బ్యాటరీ, ఇది చోద్యం, నిజమే. సంబరం ఎందుకు? ఆ ప్రశ్నకి జవాబు లేకపోతే ఎంత చక్కని పద్యమైనా సమస్య అలాగే మిగిలిపోతుంది. మూడో పాదం మళ్ళీ చూడు.

నార్సింగి నరేష్:
సమజైంది మాస్టారు. ఆ రోజు నిజంగ జరిగిందే పెడుతున్న, నాతోని మా చెల్లె గూడ ఉండె.

చూచి చెల్లె నవ్వి జోరుగా నెట్టెను
చార్జి సున్న కాగ సంబరమ్ము!

ఛందం మాస్టారు:
అదీ! ఇప్పుడు పూరణ అయింది. చూ, జో యతి కూడా చక్కగా ఉంది.

గోదారి గట్టు:
నేను సున్నని ఇంకోవైపు నుంచి పట్టుకున్నానండి. బ్యాటరీ ఫుల్లుగానే ఉంది, వాడిందే సున్న. పాతికకిలోల బండిని మోటార్ లేకుండా గుడిదాకా తొక్కాలని పందెం.

మోటరాపివేసి మొండిగాఁ దొక్కితి
చెమట కారె నొడలు సేద దీరె
ఇంటి నుండి గుడికి నిటు నేను వాడిన
చార్జి సున్న కాగ సంబరమ్ము!

వాట్ల వరలక్ష్మి:
నా ఓటు దీనికే. లిథియం బ్యాటరీని ఊరికే సున్నకి తేవడం మంచిది కాదు కదా, బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ముందే కట్ చేసినా ఆ స్థితిలో రోజుల తరబడి వదిలేస్తే సెల్స్ పాడవుతాయి, ఇంటికి రాగానే కాసేపు చల్లారనిచ్చి చార్జింగ్ పెట్టేయాలి. ఈ పద్యంలో బ్యాటరీకీ క్షేమం, మోకాళ్ళకీ పని.

ఛందం మాస్టారు:
నా ఎంపిక కూడా ఇదే. ఇచ్చిన పాదంలో ఒక్క అక్షరం కదపకుండా "వాడిన" అనే మాట ముందు చేర్చి అర్థం తిప్పేశారు, సమస్యాపూరణంలో నాకు బాగా ఇష్టమైన పద్ధతి అది. రెండోది నవీన్‌ది, యతి దిద్దాక.

వాట్ల వరలక్ష్మి:
మాస్టారూ వచ్చే వారానికి ఒక పందెం చెప్పనా? అందరిదీ ఒకే దారి, ఎవరు తక్కువ వాట్‌అవర్లు ఖర్చు చేస్తే వాళ్ళే గెలిచినట్టు. వేగం రెట్టింపైతే ఎదురుగాలి ఒత్తిడి నాలుగింతలవుతుంది, కాబట్టి దూసుకుపోయినవాళ్ళు ఓడిపోతారు.

ఛందం మాస్టారు:
సమస్య మీరే ఇచ్చేశారు. అదే ఆటవెలది, నాలుగో పాదం:

వెనుక బడినవాఁడె విజయి యయ్యె!

ఆదివారం రాత్రి లోపు పంపండి. నవీన్, ఈసారి యతి ముందే చూసుకుని రా నాన్నా.