6 అడుగుల చేపల ట్యాంక్‌కి సంప్: ప్లాస్టిక్ టబ్ చాలా, గాజుదే కావాలా?

వరంగల్_ఆస్కార్:
నా ట్యాంక్ 6×2×2 అడుగులు, అంచుదాకా లెక్కేస్తే 680 లీటర్లు. పెద్ద ఆస్కార్లు, సిల్వర్ డాలర్లు ఉన్నాయి. టాప్ ఫిల్టర్ వాటి మురికికి ఏ మూలకీ చాలట్లేదు. సంప్ (ట్యాంక్ కింద పెట్టి నీళ్లు వడకట్టే తొట్టి) గాజుతో చేయించాలంటే ఖర్చు ఎక్కువవుతోంది. 150 లీటర్ల ప్లాస్టిక్ టబ్‌తో పని జరుగుతుందా? జరగదంటే ఎందుకో కూడా చెప్పండి.

గాజుపని_బెజవాడ:
గాజే పెట్టించండి అన్నా. టబ్‌లో నీళ్లు నిండితే గోడలు బయటికి ఉబ్బుతాయి, లోపల పెట్టిన అడ్డపలకలు నిలవవు. సిలికాన్ గాజుకి పట్టినట్టు ఆ ప్లాస్టిక్‌కి పట్టదు, కొన్నాళ్లకి పొరలా ఊడొస్తుంది. పలక వదిలితే నీళ్లు మీడియాలోంచి (వడకట్టే దూది, పీచు లాంటివి) పోకుండా పక్కనుంచి నేరుగా మోటార్‌కి చేరతాయి. అప్పుడు సంప్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

చెరువుగట్టు:
సిలికాన్ గురించి మీరన్నది నిజం. అందుకే టబ్‌లో అడ్డపలకల జోలికే పోవద్దంటాను. కూరగాయలు పెట్టుకునే చిల్లుల బుట్టలు రెండు మూడు ఒకదానిమీద ఒకటి టబ్ పైన నిలబెట్టండి, పై బుట్టలో దూది, కింది వాటిలో గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు (స్టీల్‌ది కాదు, సబ్బు తగలనిది) నింపండి, ట్యాంక్ నుంచి దిగే నీళ్లు వాటిమీద చినుకుల్లా పడి టబ్‌లోకి జారతాయి. అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాకి కావలసింది అతుక్కోవడానికి చోటు, పీల్చుకోవడానికి ఆక్సిజన్. నీళ్లలో మునిగిన మీడియాకన్నా ఇలా తడుస్తూ గాలి తగిలే మీడియాకి ఆక్సిజన్ బాగా అందుతుంది. దూదిని వారం వారం మార్చండి. పీచుని మాత్రం కుళాయి కింద కడగొద్దు, క్లోరిన్‌కి బ్యాక్టీరియా చస్తుంది, ట్యాంక్ నీళ్లలోనే జాడించండి.

ఇక కరెంటు పోయినప్పటి లెక్క. 6×2 అంటే 12 చదరపు అడుగులు, ట్యాంక్‌లో నీళ్లు ఒక్క అంగుళం దిగితే 28 లీటర్లు కిందికొస్తాయి. రెండంగుళాలకి 57. టబ్‌లో అంత ఖాళీ ఎప్పుడూ ఉండాలి, పైగా రిటర్న్ పైపు (మోటార్ నీళ్లని తిరిగి ట్యాంక్‌కి పంపేది) మూతి నీటి మట్టానికి కొంచెమే కింద ఉండాలి, లేకపోతే మోటార్ ఆగగానే అదే పైపు సైఫన్‌లా ట్యాంక్‌ని తోడేస్తుంది.

గాజుపని_బెజవాడ:
ఇంకో వైపు ఆలోచించారా? కిందికి దిగే పైపులో ఏదైనా అడ్డం పడితే మోటార్ టబ్ మొత్తాన్ని పైకి తోడి హాల్లో పోస్తుంది. గాజు సంప్‌లో మోటార్ గది చిన్నది కాబట్టి ఏ 20 లీటర్లతోనో ఆగుతుంది. కింద ఫ్లాట్ వాళ్ల సీలింగ్ తడిస్తే టబ్ మిగిల్చిన డబ్బు ఎటు పోతుందో చూసుకోండి.

చెరువుగట్టు:
ఇది గట్టి ప్రశ్న, టబ్ కట్టేవాళ్లు చాలామంది దీన్ని వదిలేస్తారు. మోటార్‌ని టబ్ అడుగున పెట్టకండి. మామూలుగా నడిచేటప్పుడు టబ్‌లో 75 లీటర్లు ఉంచుకుని, మోటార్ నీళ్లు పీల్చే చోటు 50 లీటర్ల మట్టం దగ్గర ఉండేలా ఎత్తు మీద కూర్చోబెట్టండి. పైకి వెళ్లగలిగేది 25 లీటర్లే, ట్యాంక్‌లో పైన ఒక అంగుళం ఖాళీ ఉంటే అందులోనే సరిపోతుంది. మోటార్ పొడిగా తిరిగి కాలిపోకుండా ఫ్లోట్ స్విచ్ (నీళ్లు తగ్గితే మోటార్‌ని ఆపేది) తగిలించండి. కరెంటు పోయినా 75కి 57 కలిపితే 132, టబ్ పొంగదు.

టబ్‌తో మిగిలిన డబ్బు ట్యాంక్ గాజుకి బోర్ (నీళ్లు దిగే పైపుకి రంధ్రం) కొట్టించడానికి పెట్టండి. పీవీసీతో అంచుమీదుగా వంచి దింపే ఓవర్‌ఫ్లో చవకే, కానీ ఆ వంపులో గాలి చేరితే సైఫన్ తెగుతుంది, అదీ మనం ఇంట్లో లేనప్పుడే. ఆ ఒక్క చోట పిసినారితనం చేయొద్దు.

గాజుపని_బెజవాడ:
బోర్ విషయంలో మీతోనే ఉన్నాను. కాకపోతే ముందు ఆ గాజు టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచినది) అవునో కాదో కనుక్కోవాలి, టఫెన్డ్‌కి డ్రిల్ పెడితే పలక మొత్తం ముక్కలవుతుంది. ట్యాంక్ ఖాళీ చేసే కొట్టించాలి. అయినా నా ఓటు గాజుకే, ఎందుకంటే మీరు చెప్పిన 75, 50 మట్టాలు రంగు టబ్‌లో బయటినుంచి కనబడవు.

వరంగల్_ఆస్కార్:
తెల్ల టబ్ తీసుకుని మార్కర్‌తో రెండు గీతలు గీస్తాను. మోటార్ ఎంతది కొనాలి?

చెరువుగట్టు:
గంటకి 3000 లీటర్లు తిరగాలి, నాలుగైదు అడుగుల ఎత్తుకి ఎక్కేసరికి చాలా తగ్గిపోతుంది. డబ్బామీద 5000 అని ఉన్నది తీసుకోండి, అందులో మీ ఎత్తుకి ఎంత ఇస్తుందో చూశాకే డబ్బులివ్వండి.